అడ్వాన్సు కట్టే ముందు అమ్మాయిని అడగాల్సింది

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతోంది, వచ్చే ఏడాది ఫైనలియర్. అల్ట్రాఫాస్ట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో, అంటే పదార్థంలో అతివేగంగా జరిగే మార్పుల్ని ఎలక్ట్రాన్లతో బొమ్మ తీసే విద్యలో, పరిశోధన చేస్తానంటోంది. నేను బీఈడీ అనుకున్నాను. చివరికి ఓ ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ నానోటెక్నాలజీకి అడ్వాన్సు కట్టాను. ఏది మేలు?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: పీహెచ్‌డీ అయ్యేసరికి పిల్లకి ఇరవై ఎనిమిదొస్తాయి, పెళ్లెప్పుడు, అందాకా డబ్బెక్కడిది అన్నదే కదండీ మీ అసలు బెంగ? డబ్బు గురించి దిగులొద్దు. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఇస్తారు. మీరు మోయాల్సింది ఎమ్మెస్సీ రెండేళ్లే. పెళ్లి మాట ఆమెతోనే నేరుగా మాట్లాడండి. ఆమెను అడక్కుండా అడ్వాన్సు కట్టడం మాత్రం తప్పే.

నానోటెక్నాలజీ అన్న పేరు మీద నాకు నమ్మకం తక్కువ. కాస్త ఫిజిక్స్, కాస్త కెమిస్ట్రీ చెప్పి, ఏదీ లోతుగా చెప్పని కోర్సులు చాలా ఉన్నాయి. రేపు ఫిజిక్స్ లెక్చరర్ పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్సే అడుగుతారు. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ ర్యాంకుతో ఐఐటీ, లేదంటే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌తో ఆంధ్రా యూనివర్సిటీ చూడండి. బీఈడీ ఆ తర్వాత కూడా చేయొచ్చు.

అమ్మాయికి కూడా ఒక మాట. 1999లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న అహ్మద్ జెవైల్ అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పెంచిన రంగమిది. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో లక్ష కోట్లో వంతు, అందులో మళ్లీ వెయ్యో వంతు. అలాంటి ఫెమ్టోసెకండ్ల పాటే ఉండే లేజర్ మెరుపును, అంటే పల్స్‌ను, రెండుగా చీలుస్తారు. ఒకటి శాంపిల్‌ను తాకి అందులో మార్పు మొదలుపెడుతుంది. రెండోదాన్ని అల్ట్రావయొలెట్‌గా మార్చి, మైక్రోస్కోపులో ఎలక్ట్రాన్లకు మూలమైన క్యాథోడ్ మీద వేస్తే ఎలక్ట్రాన్లు ఊడొస్తాయి, బొమ్మ తీసేది అవే. రెండింటి మధ్య వ్యవధిని అద్దం జరిపి పెడతారు: అద్దం 15 మైక్రోమీటర్లు జరిగితే కాంతి దారి పోనూ రానూ కలిపి 30 మైక్రోమీటర్లు పెరిగి, 100 ఫెమ్టోసెకండ్ల తేడా వస్తుంది. చిక్కంతా ఎలక్ట్రాన్లతోనే. పల్స్‌లో ఎక్కువైతే ఒకదాన్నొకటి నెట్టుకుని పల్స్ సాగిపోతుంది, సమయం కొలత మసకబారుతుంది. అందుకని పల్స్‌కు ఒకటీ అరా మాత్రమే పంపి, లక్షల పల్స్‌లు కలిపి ఒక్క బొమ్మ తీస్తారు. ఈలోగా గది ఉష్ణోగ్రత కొంచెం మారినా శాంపిల్ జరిగి బొమ్మ అలుక్కుపోతుంది. పైగా ప్రతి పల్స్‌కూ శాంపిల్ మళ్లీ మొదటి స్థితికి రావాలి. అలా రాని మార్పులు ఈ పద్ధతికి చిక్కవు.

ఇలాంటి యంత్రాలు ప్రపంచంలోనే కొద్ది. కాబట్టి ముందు మామూలు టీఈఎం (పల్చటి శాంపిల్ గుండా ఎలక్ట్రాన్లు పంపి బొమ్మ తీసే మైక్రోస్కోపు) పని నేర్చుకోవాలి: సుమారు 100 నానోమీటర్ల మందానికి శాంపిల్ పల్చబరచడం, వాక్యూమ్, లేజర్ అలైన్‌మెంట్, పైథాన్‌తో బొమ్మల విశ్లేషణ. హైదరాబాద్‌లో లోహాలు, పదార్థాల మీద పరిశోధన చేసే డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ లాంటి చోట్ల పనికొచ్చేవీ ఇవే. అల్ట్రాఫాస్ట్ దొరక్కపోయినా చదువు వృథా కాదు.

జామ్ దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి. అది అమ్మాయి చూసుకుంటుంది, మీరు అడ్వాన్సు వెనక్కి అడగండి.