సమాధానం: పదో తరగతితో చదువు ఆపి టెన్నిస్‌లోకి పంపితే ఏటీపీ జీతం ఇస్తుందా?

అన్నా, కావలి నుంచి మీరు రాసింది చదివాను. ఏటీపీ జీతం ఇస్తుందన్న కోచ్ మాట నమ్మి మీవాడికి ఇంటర్ మాన్పించొద్దు. ఏటీపీ అంటే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే సంఘం, అది ఇచ్చేది జీతం కాదు. 2024లో బేస్‌లైన్ అని ఒక పథకం పెట్టారు, ఆ ఏడాది అందులో ర్యాంకు 100 లోపు ఉన్నవాడికి ఏడాదికి 3 లక్షల డాలర్లు, 175 లోపు లక్షన్నర, 250 లోపు 75 వేలు హామీ ఇచ్చారు, అంటే ప్రైజ్ మనీ అంతకన్నా తక్కువ వస్తే ఆ తేడా వాళ్లు కడతారు. గాయపడి సీజన్ పోయినవాళ్లకూ కొంత ఆసరా ఉంది. 250 దాటితే ఈ హామీ లేదు.

ఆ 250కి చేరే దాకా ఖర్చంతా మనదే, అసలు టెన్షన్ అక్కడే. మొదటి మెట్టు ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) నడిపే ఎం15 టోర్నీలు. అందులో 15 వేల డాలర్లు మొత్తం టోర్నీకి, ఒక్కడికి కాదు. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక మ్యాచ్ గెలిస్తే ఒక్క ర్యాంకింగ్ పాయింటు, అదీ 52 వారాలకు పోతుంది. అందుకే అక్కడ ఆడేవాళ్లు ఏడాదంతా ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటారు.

మీవాడికి 15 ఏళ్లే కాబట్టి ముందు ఏఐటీఏ (మన దేశ టెన్నిస్ సంఘం) జూనియర్ టోర్నీలు, తర్వాత ఐటీఎఫ్ జూనియర్స్ ఆడించండి. జూనియర్ ర్యాంకు 100 లోపు వస్తే ఎం15 మెయిన్ డ్రాలో వాళ్లకని కొన్ని చోట్లు ఉంచుతారు. ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టించండి. ఫిబ్రవరిలో చెన్నైలో ఛాలెంజర్ (ఎం15 కన్నా పై మెట్టు టోర్నీ) పెడితే రైలెక్కించి క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు, అంటే మెయిన్ డ్రాలో చోటు కోసం ఆడేవి, చూపించండి, 300వ ర్యాంకు వాడి సర్వీసు ఎలా ఉంటుందో వాడికే తెలుస్తుంది.