20 నెలలొచ్చినా మాటల్లేవు.. టానిక్ వాడొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు. తొమ్మిదిన్నర కిలోలున్నాడు, అన్నం సరిగా తినడు. మాటలింకా రాలేదు. పిలిస్తే చాలాసార్లు తిరిగి చూడడు, టీవీలో పాటొస్తే మాత్రం పరుగెత్తుకొస్తాడు. వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయంట. మా అత్త రోజూ వస అరగదీసి బాబుకు నాకిస్తోంది. టీకాలు టైముకే వేయిస్తున్నాం. ఆకలికి మంచి టానిక్ చెప్పగలరు. – ఓ తల్లి, ఆదోని

జవాబు: బరువు కాస్త తక్కువే గానీ, ఈ వయసుకు కంగారు పడేంత కాదమ్మా. టీకా కార్డులోని గ్రాఫ్‌లో గీత పైకి వెళ్లకుండా ఆగిపోయినా, కిందికి దిగుతున్నా ఆలోచించాలి. ఆకలి సిరప్‌లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, వాటిలో కొన్ని మగత తెప్పిస్తాయి. వస కూడా ఆపేయండి. దాంతో వాంతులు, మత్తు రావచ్చు, మాటలు మాత్రం రావు.

పిలిస్తే తిరగడని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు దిగులు దాని గురించే. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరగాలి. ఏడాదిన్నరకు కావాల్సింది వేలుపెట్టి చూపించాలి, నాలుగు మాటలైనా రావాలి. వేలుపెట్టి చూపిస్తాడో లేదో మీరు రాయలేదు.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. పాటకు వస్తున్నాడంటే చెవులు బాగున్నట్టేనని అనుకోవద్దు. కొందరికి పెద్ద శబ్దాలు వినిపిస్తాయి, మాటల్లోని సన్నని శబ్దాలు అందవు. నిద్రలో ఉండగా చేసే బెరా పరీక్షతో ఇది తేలుతుంది. దాంతోపాటే ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక కూడా నింపించండి. ఆటిజం (మాటలోనూ, నలుగురితో కలవడంలోనూ తేడా ఉండే ఎదుగుదల సమస్య) అనుమానం ఉందా అని చూడటానికి 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడతాం. అందులో తేడా వచ్చినా జబ్బున్నట్టు కాదు, వివరంగా చూడాలని మాత్రమే. బిడ్డను చూడకుండా నేనైతే ఏ పేరూ పెట్టను.

నాన్నకు ఆలస్యంగా వచ్చాయి కదా అని ఎదురుచూసే కుటుంబాలు మూడేళ్లు దాటాక వస్తుంటాయి. అప్పటికి థెరపీకి బాగా పనికొచ్చే కాలం కొంత జారిపోయి ఉంటుంది. ఊరికే ఎదురుచూడటం నాకు అసలు నచ్చదు. టీకాలకు ఇన్నిసార్లు తిరిగారు కదా, ఒక్కసారైనా ‘వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నాడా’ అని అడిగారా? మా డాక్టర్లూ చాలాచోట్ల తూకం చూసి, సూది వేసి పంపేస్తున్నారు. నిజానికి 9, 18 నెలలప్పుడు ఎదుగుదల పరీక్ష తప్పనిసరిగా జరగాలి. 18, 24 నెలలప్పుడు ఆటిజం ప్రశ్నలు కూడా. ఏ నెలకు బిడ్డ ఏమేం చేయగలగాలో ఎంసీపీ కార్డులోనే (టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు) బొమ్మలతో ఉంటుంది, తీసి చూడండి.

16–24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు అయిపోయి ఉంటే ఇంకో టీకా దాకా ఆగకండి. ఈ వారమే పిల్లల డాక్టర్‌కు చూపించండి. లేదా ఏఎన్ఎంను అడిగితే ఆర్బీఎస్కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీం ద్వారా జిల్లా డీఈఐసీకి, అంటే ఎదుగుదల సమస్యలున్న పిల్లలను చూసే ప్రభుత్వ కేంద్రానికి, రాయించుకోవచ్చు, అక్కడ ఫీజుండదు. వెళ్లేముందు బాబు ఆడుకుంటుండగా వెనకనుంచి పేరు పెట్టి పిలిచి రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు, అక్కడి డాక్టర్‌కు ఆ వీడియో పనికొస్తుంది.