‘ఇట్స్ మీ’ అంటే తప్పా సార్?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు సార్. డిగ్రీ ఆఖరి ఏడాది. ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షకి చదువుతూ, క్యాంపస్ ఇంటర్వ్యూలకూ వెళ్తున్నాను. ‘ఇట్స్ మీ’ తప్పు, ‘ఇట్ ఈజ్ ఐ’ అనాలని కోచింగ్‌లో చెప్పారు. సినిమాల్లో చూస్తే ఇంగ్లిష్‌వాళ్లే ‘ఇట్స్ మీ’ అంటున్నారు. నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ ఇంట్లో మాటలు విను అమ్మా. మీ నాన్నగారు ఫోన్లో ‘ఆయ్, ఎల్తన్నానండి’ అంటారు. ఆయనే అర్జీ రాయాల్సి వస్తే ‘వెళ్తున్నాను’ అని రాస్తారు. మొదటిది తప్పు తెలుగని ఎవరైనా అంటే కోనసీమలో ఊరుకుంటామా? ఇంగ్లిష్‌కీ ఇంట్లో మాట, కాగితం మీద మాట వేరువేరుగా ఉన్నాయి. తలుపు కొట్టాక ‘ఎవరది?’ అంటే వాళ్లు చెప్పేది ‘ఇట్స్ మీ’ అనే. ‘ఇట్ ఈజ్ ఐ’ అన్నావనుకో, మన దగ్గర ‘నేను’ అనకుండా పాత కావ్యాల్లోలా ‘ఏను’ అని బదులిచ్చినట్టుంటుంది.

ఇలాంటి రూల్స్ కొన్ని లాటిన్ కొలబద్దతో ఇంగ్లిష్‌ను కొలవబోయి పెట్టుకున్నవి. వాక్యం చివర ప్రిపోజిషన్ (‘టు’, ‘విత్’ లాంటి మాట) రావడాన్ని 1672లో డ్రైడెన్ అనే కవి తప్పుపట్టాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్, మన భాష ఈ అలవాటు వైపే మొగ్గుతుందని చెబుతూ ఆ మాటనే ‘టు’తో ముగించాడు! ఈ రూల్స్ భయంతోనే కొందరు ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అంటారు. అక్కడ రావాల్సింది ‘మీ’యే.

అలాగని ఎస్సెస్సీ పేపర్‌తో వాదన పెట్టుకోకు. తప్పు కనిపెట్టమన్న బిట్‌లో ‘హూమ్’ రావాల్సిన చోట ‘హూ’ ఉంటే గుర్తు పెట్టేసి ముందుకెళ్లు. మార్కు ముఖ్యం.

నువ్వు దిద్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మాక్ ఇంటర్వ్యూకి వచ్చిన పాలకొల్లు అబ్బాయి ఒకడు ‘అయామ్ హేవింగ్ టూ బ్రదర్స్’ అని మొదలుపెట్టి, రెండో నిమిషంలో ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అన్నాడు. ‘అయామ్ హేవింగ్ లంచ్’ సరే, అన్నదమ్ములకు మాత్రం ‘ఐ హావ్’ అనాలి. ‘అబౌట్’ ఎక్కడిదంటావా? మనం ‘ప్రాజెక్ట్ గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ వెంట వచ్చేసింది. ‘డిస్కస్’లోనే అది ఉంది. ఇవి వాడుక ఇంగ్లిష్ కావు, మన తెలుగు ఇంగ్లిష్ వేషం వేసుకుని రావడం. మన ఊళ్లో మనకు ఇబ్బంది లేదు గానీ, ఇంటర్వ్యూ చేసేవాళ్ల చెవికి ఠక్కున తగులుతాయి. ఇక ‘గొన్నా’ (గోయింగ్ టు), ‘వాన్నా’ (వాంట్ టు) లాంటివి మాటల్లో దొర్లితే పర్వాలేదు, మెయిల్లో రాయకు.

రేపు పొద్దున్న మీ ఊరి గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి ఫోన్లో రికార్డు చేసుకో. వింటూ ‘హేవింగ్’లు ఎన్ని దొర్లాయో లెక్కపెట్టు. ‘ఇట్స్ మీ’ వినిపిస్తే వదిలెయ్.