తరువాయి భాగం ఎప్పుడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. చూస్తున్న థ్రిల్లర్ సిరీస్‌కి కొత్త సీజన్ ఎప్పుడొస్తుంది, వచ్చేదాకా ఎలా ఆగాలి అని. ఎనిమిదేళ్ళుగా హిందీ, తమిళ సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నదాన్ని. అదే నా వృత్తి అయినా, ఎదురుచూడటంలో నేనూ మీలాంటి ప్రేక్షకురాలినే. అందుకే ఈ పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ‘ది ఫ్యామిలీ మ్యాన్’ మూడో సీజన్ కోసం నాలుగేళ్ళకు పైగా ఆగాం. తీరా చూస్తే అదీ కథ తేల్చకుండానే ఆపేశారు. ఇంత ఆలస్యం ఎందుకవుతుంది మేడమ్? అలా సగంలో వదిలేయడం న్యాయమేనా?
– ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: మీ బాధలో న్యాయముంది. మొదటి సీజన్ 2019 సెప్టెంబర్ 20న వచ్చింది. రెండోది 2021 ఫిబ్రవరి 12న రావాల్సింది, వాయిదా పడి జూన్ 4న వచ్చింది. మూడోదానికి 2025 నవంబర్ 21 దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగేళ్ళ అయిదు నెలలు! ఒకటో తరగతిలో చేరిన పిల్ల అయిదో తరగతికి వచ్చేంత కాలం.

ఈలోగా దర్శకులు రాజ్, డీకే చేతిలో వేరే పనులున్నాయి. 2023 ఫిబ్రవరిలో ‘ఫర్జీ’, ఆ ఆగస్టులో ‘గన్స్ అండ్ గులాబ్స్’, 2024 నవంబర్‌లో ‘సిటాడెల్: హనీ బన్నీ’ వచ్చాయి. ఒక సీజన్ అంటే అయిదారు గంటల కథ. రెండు మూడు సినిమాలు ఒక్కసారే తీసినంత పని. మొత్తం స్క్రిప్టు చేతికి వస్తే గానీ షూటింగ్ ప్లాన్ కుదరదు, ఎందుకంటే రెండో ఎపిసోడ్‌లోదీ ఆరో ఎపిసోడ్‌లోదీ ఒకే ఇంట్లో జరిగే సీన్లయితే రెండూ ఒకే వారంలో తీసేస్తారు. పైగా పాత ముఖాలన్నీ మళ్ళీ దొరకాలి. సినిమా అయితే ఒక నటుడి డేట్లు కుదరకపోతే ఇంకొకర్ని పెట్టుకోవచ్చు. గూఢచారి శ్రీకాంత్ తివారీగా మనోజ్ బాజ్‌పాయీని, అతని తోటి ఉద్యోగి జేకేగా షారిబ్ హష్మీని చూడటానికి అలవాటు పడ్డాక ఆ కుర్చీల్లో వేరేవాళ్ళని కూర్చోబెడితే మనమే ఒప్పుకోం. షూటింగ్ అయ్యాక ఎడిటింగ్, సౌండ్, గ్రాఫిక్స్, చివరికి నాలాంటి వాళ్ళ దగ్గరికి డబ్బింగ్, సబ్‌టైటిల్స్. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిగతావన్నీ ఆగుతాయి.

ఇక సగంలో వదిలేయడం సంగతి. దీని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్కసారి మొదటి సీజన్ చివర గుర్తు చేసుకోండి. ఢిల్లీలో కెమికల్ ఫ్యాక్టరీ, విషవాయువు, శ్రీకాంత్ జట్టులోని మిలింద్, జోయా ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఆ చివరి నిమిషాలు. అక్కడ ఆపేశారు. అందరం గోళ్ళు కొరుక్కున్నాం. రెండో సీజన్ మొదలయ్యాక ఏమైంది? ఆ గండం గడిచిందని చెప్పేసి, శ్రీకాంత్‌ని తీసుకెళ్ళి ఐటీ కంపెనీ ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడి బాస్ ‘మినిమమ్ గై’లా ఉండొద్దంటూ పాఠాలు చెబుతుంటే మనం ఆ గ్యాస్ సంగతే మర్చిపోయాం. ఏడాదిన్నర పైగా మోసిన టెన్షన్ పావుగంటలో దిగిపోయింది.

అదే మొదటి సీజన్‌లో ఇంకో ప్రశ్న కూడా ఉంది. లోనావాలాలో శ్రీకాంత్ భార్య సుచికీ, ఆమె సహోద్యోగి అరవింద్‌కీ మధ్య ఏం జరిగింది? అందులో తుపాకీ లేదు, బాంబు లేదు. ఓ హోటల్ గది తలుపు మాత్రం ఉంది. రెండో సీజన్ కూడా దాన్ని విప్పలేదు. చివర్లో సుచి కళ్ళనీళ్ళతో ఏదో చెప్పబోతుంది, అక్కడ కట్ చేశారు. ఆ ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి జనం నోళ్ళలో నానింది. నన్ను కలిసిన వాళ్ళు గ్యాస్ గురించి ఒక్కరూ అడగలేదు, లోనావాలా గురించి అడగనివాళ్ళు లేరు.

మనం ఆగేది బాంబు పేలుతుందా లేదా అని కాదనిపిస్తుంది నాకు. దేశాన్ని కాపాడి వచ్చిన మనిషి ఇంట్లో భార్య ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాడో చూడాలని. అందుకే రెండో సీజన్ ముగింపు నాకు అన్యాయం అనిపించలేదు. సమంత వేసిన తమిళ తిరుగుబాటుదారు రాజీ కథ ఆ సీజన్‌లోనే పూర్తయింది. ఎత్తుకున్న సమస్య తేల్చి, ఇంటి సమస్య మిగిల్చారు. మూడో సీజన్ దగ్గర నా మనసు కూడా కష్టపడింది. 7 ఎపిసోడ్లు చూశాక, ఆ సీజన్ ఎత్తుకున్న సమస్యే చేతిలో మిగిలిపోయింది. ఎత్తుకున్న ముడి ఒక్కటైనా విప్పి, ఆ తర్వాత కొత్త ముడి వేయాలి. ఈ మాట నేను పనిచేసే చోట కూడా అంటూనే ఉంటాను.

ప్రశ్న: కొత్త సీజన్ వచ్చేముందు పాతదంతా మళ్ళీ చూడాలా? అంత టైమ్ ఉండదండీ.
– ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న అమ్మ

జవాబు: అంతా అక్కర్లేదు. మొదటి ఎపిసోడ్, చివరి రెండు ఎపిసోడ్లు చూడండి. ‘గత సీజన్‌లో’ అంటూ వేసే రెండు నిమిషాల ముక్కని మాత్రం నమ్ముకోకండి. అది సంఘటనల్ని గుర్తు చేస్తుంది, మనుషుల్ని గుర్తు చేయదు. ‘పాతాళ్ లోక్’ మొదటి సీజన్ 2020 మే 15న, రెండోది 2025 జనవరి 17న వచ్చాయి. మొదటిదాంట్లో అన్సారీ పోలీస్ ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ కింద పనిచేస్తూ సివిల్స్‌కి చదువుకునే కుర్రాడు. రెండోదాంట్లో ఐపీఎస్ అయి హాథీరామ్‌కి పైఅధికారిగా కనిపిస్తాడు. వాళ్ళిద్దరూ పాతరోజుల్లో జీపులో పక్కపక్కన కూర్చున్న తీరు మీ కళ్ళ ముందు ఉంటేనే, ఈ కొత్త వరసలో ఎంత ప్రేమ, ఎంత ఇబ్బంది ఉన్నాయో తెలుస్తుంది.

ప్రశ్న: మా రోజుల్లో వారపత్రికలో సీరియల్ కింద ‘సశేషం’ అని చూసి వారం రోజులు ఆగేవాళ్ళం. ఇప్పుడు మా మనవడు సీజన్ మొత్తం ఒక్క రాత్రిలో చూసేసి, తర్వాతది ఇంకా రాలేదని రెండేళ్ళు గొణుగుతున్నాడు. ఏది మేలంటారు?
– రిటైరైన లెక్కల మాస్టారు

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరంలోనే లెక్క తేలిపోయింది. ఒక్క రాత్రి చూడటం, రెండేళ్ళు ఆగడం. ఆ రెంటికీ పొంతన లేదు.

సీజన్ మొత్తం ఒకేసారి ఇచ్చే పద్ధతికి ఊపు వచ్చింది 2013 ఫిబ్రవరి 1న. ఆరోజు నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ 13 ఎపిసోడ్లనీ ఒక్కసారే విడుదల చేసింది. అంతకు ముందు టీవీ అంటే వారానికో, రోజుకో ఒక ముక్క. దాని బలం ఎంతో చెప్పడానికి ఒక సంగతి రాస్తాను. అమెరికాలో ‘డాలస్’ అనే సీరియల్ ఉండేది. 1980 మార్చి 21న ఆ సీజన్ చివరి ఎపిసోడ్‌లో జె.ఆర్. అనే ముఖ్యపాత్రని ఎవరో కాల్చేశారు. ఎవరన్నది చూపలేదు. ఆ వేసవిలో నటుల సమ్మె వచ్చి కొత్త సీజన్ మరింత ఆలస్యమైంది. కాల్చిందెవరో బయటికి పొక్కకుండా, ఒకరి తర్వాత ఒకరుగా చాలామంది నటుల చేత కాల్పించి సీన్లు తీసిపెట్టుకున్నారు. జవాబు నవంబర్ 21న వచ్చింది. ఆ రాత్రి టీవీ ఉన్న అమెరికన్ ఇళ్ళలో సగానికి పైగా అదే చూశాయి. (45 ఏళ్ళ తర్వాత ‘ఫ్యామిలీ మ్యాన్’ వచ్చింది కూడా నవంబర్ 21నే.)

ఎనిమిది నెలలు ఒక్క ప్రశ్న అంతమంది మధ్య బతికింది. ఇంట్లో, ఆఫీసులో, దారిలో అందరూ తలో ఊహ చెప్పుకున్నారు. ఎవరూ ముందుకు పరుగెత్తలేదు, ఎవరూ వెనకబడలేదు. నేను వారానికో ఎపిసోడ్ వైపే మాస్టారూ. మీ మనవడితో ఒక ఒప్పందం చేసుకోండి. ఈసారి కొత్త సీజన్‌ని ఇద్దరూ కలిసి రోజుకి ఒక్క ఎపిసోడ్ చొప్పున చూడండి. ఎపిసోడ్ అయ్యాక తర్వాత ఏం జరుగుతుందో తలో కాగితం మీద రాసి మడిచి పెట్టుకోండి. మర్నాడు విప్పి చూసుకోండి. వారం రోజుల సీరియల్ రుచి అతనికి తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, కొత్త సీజన్ కోసం రెండేళ్ళు ఆగాను. విడుదలైన రోజే నాకు పరీక్ష. సాయంత్రానికి నా ఫ్రెండ్ గ్రూపులో ఎవరు చనిపోయారో పెట్టేశాడు. వాడితో మాట్లాడటం మానేశాను. నేను చేసింది తప్పా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నీ కోపం తప్పు కాదు. మాటలు మానేయడం మాత్రం ఎక్కువ రోజులు వద్దు. ఒక్కసారి ఎదురుగా కూర్చుని, ‘నువ్వు చెప్పింది ఒక్క వాక్యమే గానీ, నేను రెండేళ్ళుగా దాచుకున్నది పోయింది’ అని చెప్పు. అర్థం చేసుకుంటాడు.

2011లో అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 చిన్న కథలు తీసుకుని ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసిన పాఠకులకే ఆ కథలు కొంచెం ఎక్కువ నచ్చాయని తేలింది. ముగింపు చెప్పేస్తే ఏం పోయిందని వాదించే వాళ్ళు దీన్ని చూపిస్తుంటారు. నేను ఒప్పుకోను. చిన్న కథ అరగంటలో చదివేస్తాం, దాని కోసం రెండేళ్ళు ఎవరూ ఆగి ఉండరు. ఆ కథలో మనిషి మనకి అప్పుడే పరిచయమవుతాడు. నీకు మాత్రం ఆ పాత్ర రెండేళ్ళుగా తెలిసిన మనిషి. అతని కబురు గ్రూపులో ఒక మెసేజ్‌గా రావడం వేరు, నువ్వు దగ్గరుండి చూడటం వేరు.

ఇకపై విడుదల రోజుకి ముందే గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టు. యూట్యూబ్ కూడా తెరవకు. వీడియో మీది బొమ్మ చూస్తేనే కథ తెలిసిపోతుంది.

ప్రశ్న: ‘సేక్రెడ్ గేమ్స్’ మూడో సీజన్ మీద ఇంకా ఆశ పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: వద్దండీ. మొదటిది 2018 జులై 6న, రెండోది 2019 ఆగస్టు 15న వచ్చాయి. బాంబు ఆగిందో లేదో చూపకుండానే రెండోది ముగిసింది. అన్నేళ్ళ తర్వాత కూడా మీరు అడుగుతున్నారంటే ఆ పోలీసు అధికారి సర్తాజ్ మీ మనసులో అంత గట్టిగా నాటుకున్నాడన్నమాట. అతను గెలిచాడనే అనుకోండి. నేను అలాగే అనుకుంటున్నాను.

ప్రశ్న: మీరు డబ్బింగ్ రాస్తారు కాబట్టి కథ ముందే తెలిసిపోతుంది కదా. మరి మీకు ఎదురుచూపు ఎక్కడిది? ఇంట్లోవాళ్ళు అడిగితే చెప్పేస్తారా?
– ఓ పాఠకురాలు

జవాబు: మాకు వచ్చే వీడియో మీరు చూసేలాంటిది కాదమ్మా. బొమ్మ మసకగా ఉంటుంది. తెరకి అడ్డంగా నా పేరు వాటర్‌మార్క్‌గా పడి ఉంటుంది, ముఖాల మీదుగా కూడా. ఓ మూల నిమిషాలు, సెకన్లు చూపే టైమ్‌కోడ్ పరుగెడుతూ ఉంటుంది. గ్రాఫిక్స్ ఇంకా చేయని చోట పేలాల్సిన భవనం వెనక పచ్చగుడ్డ కనిపిస్తుంది. ఆఖరి ఎపిసోడ్ ఆఖరునే పంపుతారు. కాబట్టి మీకంటే ముందుగా అయినా, నేనూ ఆగాల్సిందే. ఇంట్లో సహా ఎవరికీ చెప్పనని సంతకం కూడా పెడతాం.

ఒకసారి ఒక హిందీ సిరీస్ రెండో సీజన్ రాస్తున్నాను. అందులో ఒక కానిస్టేబుల్ పాత్ర అంటే మా అమ్మకి ప్రాణం. మొదటి సీజన్ చివర అతను ఒంటరిగా ఒక గోడౌన్‌లోకి వెళ్ళాడు, అక్కడ ఆగింది. మూడేళ్ళు అమ్మ అతన్ని తలుచుకుంటూనే ఉంది. టీవీలో ఏ కానిస్టేబుల్ కనిపించినా, ‘మనవాడు ఏమయ్యాడో’ అనేది.

ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. హీరో ఫోన్‌లో పైఅధికారికి చెప్పే మాట ఒకటే: ‘మర్ గయా.’ ముఖం తెర నిండా ఉంది. తెలుగులో మొదట ‘చనిపోయాడు’ అని రాశాను. పనికిరాలేదు. అయిదక్షరాలు అతని నోట్లో పట్టవు, పైగా ‘మ’ అనడానికి అతని పెదవులు మూసుకుంటుంటే మన ‘చ’ తెరుచుకుంటుంది. ‘పోయాడు’ అని పెట్టి చూశాను. మూడక్షరాలు. ‘ప’ దగ్గర పెదవులు మూసుకున్నాయి, ‘యా’ దగ్గర ఇద్దరి నోళ్ళూ ఒకేలా తెరుచుకున్నాయి. అచ్చంగా కుదిరింది. కుదిరిందన్న సంతోషం ఒక్క క్షణమే. చెవులకి హెడ్‌ఫోన్ ఉంది, పక్కగదిలో అమ్మ బట్టలు మడతపెడుతోంది, నేను ఆ ముక్కని పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

విడుదలకి ఇంకా మూడు నెలలుంది. ‘బతుకుతాడు కదే?’ అని అమ్మ అడిగినప్పుడల్లా ‘చూద్దువుగానీ అమ్మా’ అని మాట మార్చేదాన్ని. తర్వాత తర్వాత అడగడం మానేసింది. నా మొహం చూసి గ్రహించిందేమో.

విడుదలైన రాత్రి రెండింటికి నా గది తలుపు తట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి. ‘పోయాడు అన్నాడే. ఆ మాట నువ్వే రాశావా?’ అంది. అవునన్నాను. మంచం మీద నా పక్కన కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: ‘మరి ఆ పెళ్ళాం పిల్లకి ఎవరు చెప్తారు? ఇంట్లో ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది కదా.’

‘ఏమో అమ్మా’ అన్నాను. ‘నా దాకా వచ్చింది అంతవరకే.’