పాత ఐపాడ్ డ్రైవు కెమెరాలో ఎందుకు పలకదు?

ప్రశ్న: పాత ఐపాడ్ మినీలోంచి తీసిన 4 జీబీ హిటాచీ మైక్రోడ్రైవు (సీఎఫ్ కార్డు సైజులో ఉండే బుల్లి హార్డ్‌డిస్కు) ఉంది. సీఎఫ్ (కాంపాక్ట్ ఫ్లాష్) మెమరీ కార్డు వాడే నా పాత డిజిటల్ కెమెరాలో పెడితే సరిగ్గానే పట్టింది కానీ ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది. ఫార్మాట్ చేసి పెట్టినా అంతే. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇది ఫార్మాట్ దోషం కాదు, ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. సీఎఫ్ పరికరం మూడు పద్ధతుల్లో పనిచేయగలదు: మెమరీ, ఐ/ఓ, ట్రూ ఐడీఈ (కంప్యూటరు హార్డ్‌డిస్కులా పలికే పద్ధతి). కరెంటు అందే క్షణానికి 9వ పిన్ను గ్రౌండుకు కలిసి ఉంటే ట్రూ ఐడీఈలోకి వెళ్తుంది. లేకుంటే మిగతా రెండింట్లో ఒకటి. కెమెరా సాధారణంగా ఆ రెండింట్లోనే అడుగుతుంది. ఐపాడ్ మినీ కోసం ఇచ్చిన డ్రైవుల్లో మాత్రం ఫర్మ్‌వేర్ (డ్రైవులోనే ఉండే సాఫ్ట్‌వేరు) ట్రూ ఐడీఈ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. విడిగా దుకాణాల్లో అమ్మిన మైక్రోడ్రైవు పలికి, మీది పలకకపోవడానికి కారణం ఇదే. మార్చడానికి జంపరేమీ (పిన్నులను కలిపే చిన్న క్లిప్పు) లేదు. 9వ పిన్నును గ్రౌండు చేస్తానని కెమెరా విప్పకండి, కెమెరా పోతుంది.

దీన్ని 44 పిన్నుల సీఎఫ్–ఐడీఈ అడాప్టరులో పెట్టి పాత ల్యాప్‌టాప్‌లోనో, థిన్ క్లయింటులోనో (సర్వరుకు కలిపి వాడే చిన్న కంప్యూటరు) వాడుకోండి. 9వ పిన్నును అడాప్టరే గ్రౌండు చేస్తుంది. అడాప్టరు మీద 3.3, 5 వోల్టుల జంపరు ఉంటే డ్రైవు లేబులు చూసి పెట్టండి. ఇక్కడ మరో చిక్కుంది. చవక అడాప్టర్లు కొన్నింటిలో డీఎంఏ (ప్రాసెసరు ప్రమేయం లేకుండా డేటా పంపే పద్ధతి) గీతలు కలపరు. అప్పుడు డ్రైవు కనిపిస్తుంది కానీ సిస్టం బూట్ మధ్యలో బిగుసుకుపోతుంది. బయోస్‌లో డీఎంఏ ఆపి పీఐఓ 4 (ప్రాసెసరే డేటా మోసే పద్ధతి) పెట్టండి. దాని గరిష్ఠ వేగం సెకనుకు 16.6 ఎంబీ, ఈ డ్రైవు వేగం అంతకన్నా తక్కువే కాబట్టి నష్టమేమీ లేదు.

కెమెరాకే కావాలంటే మామూలు ఫ్లాష్ సీఎఫ్ కార్డు కొనడమే మేలు. ఫ్యాట్32 (ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) తెలియని మరీ పాత కెమెరా అయితే 2 జీబీకి మించినది కొనకండి.

ప్రశ్న: ఐపాడ్‌లోంచి తీసిన 1.8 అంగుళాల 30 జీబీ తోషిబా డ్రైవును యూఎస్‌బీకి ఎలా కలపాలి?
– ఓ పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ముందు కనెక్టరు చూడండి. పలుచని రిబ్బను కేబులు దూరేది 40 పిన్నుల జిఫ్. పాత ఐపాడ్లలో 50 పిన్నుల రకం వచ్చేది. రెండింటికీ అడాప్టర్లు వేరు. లేబులు మీద 3.3 వోల్టులని ఉంటే 5 వోల్టులు నేరుగా ఇవ్వకండి, బోర్డు కాలిపోతుంది.

జిఫ్ గొళ్ళేన్ని గోటితో మెల్లగా ఎత్తి, కేబులును చివరిదాకా వంకర లేకుండా తోసి, గొళ్ళెం మూయాలి. కేబులు మీది లోహపు గీతలు కనెక్టరులో పిన్నులున్న వైపే ఉండాలి. తిరగేస్తే డ్రైవు తిరగదు. ఒక్కోసారి అంతటితో పోదు కూడా. 2007లో వచ్చిన ఐపాడ్ క్లాసిక్‌లోని కొన్ని డ్రైవులకు సీఈ–ఏటీఏ అనే వేరే పద్ధతి ఉంది. వాటికి ఏ జిఫ్ అడాప్టరూ పనికిరాదు, డబ్బు దండగ.

డ్రైవు తిరిగినా విండోస్‌లో ఖాళీగా కనిపిస్తే అది బహుశా మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ది. పాటలో ఫొటోలో కావాలంటే తుడిచేముందే కాపీ చేసుకోండి. తర్వాత విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో (ఆదేశాలు టైపు చేసి డిస్కును సిద్ధం చేసే పనిముట్టు) లిస్ట్ డిస్క్ కొట్టి, సైజు చూసి నంబరు నిర్ధారించుకోండి. 30 జీబీ డ్రైవు సుమారు 28 జీబీగా కనిపిస్తుంది. ఆపై వరుసగా ఈ ఆదేశాలు: సెలెక్ట్ డిస్క్ (ఆ నంబరుతో), క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, తర్వాత ఫ్యాట్32 ఫార్మాట్. నంబరు తప్పితే క్లీన్ మీ అసలు డిస్కునే తుడిచేస్తుంది.

చివరగా స్మార్ట్ రిపోర్టు (డ్రైవు తన ఆరోగ్యం గురించి ఇచ్చే నివేదిక) చూడండి. పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉంచిన భాగాలు) సున్నా కాకపోతే, టిక్కు టిక్కు శబ్దం వస్తుంటే, ముఖ్యమైనదేదీ అందులో పెట్టకండి.

ప్రశ్న: ఎత్తు ప్రదేశాల్లో మైక్రోడ్రైవు పనిచేయదంటారు. తిరుమలలో వాడొచ్చా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: వాడొచ్చు. డేటా చదివే డ్రైవు హెడ్డు గాలి పొర మీద తేలుతుంది. గాలి పలుచబడితే కింద తిరిగే పళ్ళేనికి (డేటా ఉండే చక్రం) తగిలే ప్రమాదం. ఆ పరిమితి సుమారు 3000 మీటర్లు, తిరుమల వెయ్యి లోపే. ఘాట్ రోడ్డు మలుపుల్లో కుదుపులకు మాత్రం కెమెరా ఆపేసి ఉంచండి. ఆపితే హెడ్డు పళ్ళెం మీదినుంచి పక్కకు తప్పుకుంటుంది.