బిల్లు పెండింగ్ ఉంటే ఎమ్మెల్యేకి నామినేషన్ వెయ్యొచ్చా?

ప్రశ్న: సార్, మాది పత్తికొండ దగ్గర పల్లె. మా బావ ఆర్ అండ్ బీ పనులు చేసే కాంట్రాక్టర్. ఒక కల్వర్టు పని అయిపోయి ఏడాదిన్నర అయింది, బిల్లు రాలేదు. ఇంకో రోడ్డు పని సగంలో ఉంది. ఈసారి ఎమ్మెల్యేకి నిలబడాలని తిరుగుతున్నాడు. కాంట్రాక్టర్లకి అర్హత లేదంటున్నారు, నిజమేనా? రోడ్డు పని నా పేరుకి రాసిచ్చేస్తా అంటున్నాడు.

జవాబు: కల్వర్టు గురించి భయం వద్దు, భయమంతా రోడ్డుతోనే.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 9ఎ ఏమంటుందంటే, రాష్ట్ర ప్రభుత్వంతో పని చేసే కాంట్రాక్టు గానీ సరుకు సప్లై చేసే కాంట్రాక్టు గానీ నడుస్తున్నన్నాళ్లు ఆ మనిషి ఎమ్మెల్యేగా పనికిరాడు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏం కాదు. పని పూర్తిగా అయిపోయి గవర్నమెంటు డబ్బులు ఇవ్వకపోతే దాన్ని నడుస్తున్న కాంట్రాక్టు అనరు, ఆ సెక్షన్ కిందే ఎక్స్‌ప్లనేషన్‌లో రాసుంది, లేకుంటే మన సీమలో సగం మంది లీడర్లు ఇంట్లో కూర్చోవాల్సిందే. కాకపోతే నోటిమాట చాలదు, పని కొలతలు రాసే ఎం బుక్‌లో ఫైనల్ మెజర్‌మెంట్ ఎక్కిందా, కంప్లీషన్ సర్టిఫికెట్ చేతిలో ఉందా చూసుకోమనండి. పని అయ్యాక కూడా రిపేర్లు కాంట్రాక్టరే చెయ్యాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అయిపోకుంటే అవతలి లాయరు రిపేరు బాధ్యత ఇంకా ఉంది కదా అని పట్టుకుంటాడు, నేనైనా అదే పట్టుకుంటా.

ఇంక రోడ్డు. మీరూ మీ బావా స్టాంపు పేపరు మీద ఎన్ని సంతకాలు పెట్టుకున్నా డిపార్ట్‌మెంటు ఫైల్లో అగ్రిమెంటు ఆయన పేరు మీదే ఉంటుంది, చట్టం చూసేది ఆ పేరునే. పని ముగించాలి, లేదా డిపార్ట్‌మెంటు ఒప్పుకుని రైటింగ్‌లో క్లోజ్ చెయ్యాలి. లెటర్ పెట్టేశా కదా అంటే సరిపోదు, వాళ్ల దగ్గర్నుంచి కాగితం రావాలి. అది కూడా నామినేషన్లు పరిశీలించే స్క్రూటినీ రోజుకల్లా రావాలి, మన ఆఫీసుల్లో ఫైలు ఎంత స్పీడుగా కదుల్తుందో మీకు తెలియంది కాదు, కాబట్టి టికెట్ కోసం తిరిగే ముందు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసుకి తిరగమనండి.

సెంట్రల్ గవర్నమెంటు పనులైతే అసెంబ్లీకి అడ్డం కాదు. మీ బావ భార్య పేరు మీద కాంట్రాక్టు ఉన్నా ఆయన అర్హత పోదు గానీ నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో చూపించాల్సిందే.

ఆర్వో (రిటర్నింగ్ ఆఫీసర్) చూసీచూడనట్టు నామినేషన్ ఓకే చేసినా అయిపోయినట్టు కాదు. రిజల్ట్ వచ్చిన 45 రోజుల్లోపు ఓడిన క్యాండిడేటు హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేస్తే ఇదే పాయింటు మీద గెలుపు పోతుంది. గెలిచాక కొత్తగా కాంట్రాక్టు తీసుకున్నా అంతే, అప్పుడు విషయం గవర్నర్ దగ్గరికి పోతుంది, ఎలక్షన్ కమిషన్ ఏం చెప్తే ఆయన అదే చెయ్యాలి.

ముందు రోడ్డు అగ్రిమెంటు కాపీ తీసి గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. పని ఆరు నెలల్లో అయ్యేదైతే రద్దు గిద్దు అని పోకుండా పూర్తి చేసెయ్యడమే మేలు, మధ్యలో వదిలేస్తే డిపాజిట్ జప్తు చేస్తారు.