ఎమ్మెల్యే చికిత్స కాగితాలు అచ్చు వేయవచ్చా?

ప్రశ్న: నేను ఒక వారపత్రిక విలేకరిని. మద్య నిషేధం కావాలని సభల్లో గొంతెత్తే ఒక ఎమ్మెల్యే, తాగుడు మానడానికి డీఅడిక్షన్ కేంద్రంలో చికిత్స పొందినట్టు కాగితాలు నాకు అందాయి. అదే కవరులో ఆయన కుమార్తె విడాకుల పిటిషన్ నకలు కూడా ఉంది. రెండూ నిజమైనవే. నిజం రాస్తే పరువు నష్టం ఎలా అవుతుంది?

జవాబు: ముందు ఆ పిటిషన్‌ను కవరులోనే ఉంచేయండి. తండ్రి ఎమ్మెల్యే అయినంత మాత్రాన ఆ అమ్మాయి కాపురం వార్త కాదు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, కోర్టు అనుమతితో వేసే హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు తప్ప విడాకుల కేసు వివరాలు ఏవి అచ్చు వేసినా 1,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. మొత్తం చిన్నదని తెగించకండి. గోప్యతకు భంగం కలిగిందని ఆమె విడిగా దావా వేయవచ్చు, అక్కడ ‘రాసింది నిజమే’ అన్న జవాబు మిమ్మల్ని కాపాడదు.

పరువు నష్టానికి సివిల్ దావా వేస్తే నిజం గట్టి రక్షణ. క్రిమినల్ కేసులో అదొక్కటే చాలదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి మినహాయింపు కింద, రాసింది నిజమని, దాన్ని ప్రచురించడం ప్రజల మేలు కోసమేనని రెండూ మీరే రుజువు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

నాయకుల విషయంలో గీత ఎక్కడుందో 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదవీ బాధ్యతలతో ముడిపడిన ప్రవర్తనపై పత్రికలకు విశాలమైన స్వేచ్ఛ ఉంది. అలాంటి చోట పొరపాటు దొర్లినా, తగినంత విచారించాకే రాశామని చూపగలిగితే చాలు. బాధ్యతలతో సంబంధం లేని విషయాల్లో మాత్రం నాయకుడికీ సామాన్యుడికీ ఒకే రక్షణ. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చాక ఆ రక్షణ మరింత బలపడింది.

ఇక ద్వంద్వ నీతి సంగతి. తాగుడు వల్ల నలిగిపోయిన మనిషి మద్యం వద్దనడంలో నాకు కపటం కనిపించడం లేదు. పైగా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం దురలవాటుతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. చికిత్సలో ఉన్నవారి సమాచారాన్ని వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ అంటుంది. ఆ కాగితాలు మీ దాకా రావడమే తప్పు. అచ్చు వేస్తే ఆ తప్పులో మీరూ భాగం పంచుకున్నట్టవుతుంది.

‘నేను చుక్క కూడా ముట్టలేదు’ అని ఓట్లు అడిగి ఉంటే అది వేరే కథ. ఆ మాట ప్రజల ముందు అన్నది కాబట్టి అబద్ధమని చూపే హక్కు మీకుంది. అయినా ఆసుపత్రి కాగితాలతో కాదు, పేరు పెట్టి చెప్పగల సాక్షులతో చూపండి. ఆయన ఎన్నికల అఫిడవిట్ కూడా తీసి చదవండి. అది ఎవరైనా చూడగల పత్రం. భార్య ఆస్తులూ అందులో ఉంటాయి. ఆ జాబితాలో మద్యం కంపెనీ వాటాలు కనిపిస్తే, నిషేధం కోరే నాయకుడి గురించి ఓటరు తెలుసుకోవాల్సిన వార్త అదే. భయపడకుండా రాయండి.

రాసే ముందు ఆయనకు ప్రశ్నలు లిఖితపూర్వకంగా పంపి, అందిన రసీదు దాచుకోండి. జవాబు వస్తే అదే వార్తలో పూర్తిగా వేయండి. రాకపోతే, ప్రశ్నలు పంపిన తేదీ వేయండి.